మరణాల రేటు తక్కువ ఉంటే ఆ దేశంలో ఆరోగ్యం బాగున్నట్టు కాదా? జనాభా గణాంకాలు ఎలా చదవాలి?

పావని_బీఏ

అందరికీ నమస్కారం. నేను డిగ్రీ ఆఖరి సంవత్సరం. ప్రాజెక్టు కోసం కొన్ని దేశాల జనాభా గణాంకాలు తీసుకుని పోల్చి, వాటి నుంచి ఏం అర్థమైందో రాయమన్నారు. పట్టికలు వేయడం వరకు ఇబ్బంది రాలేదు, అంకెలన్నీ దొరికాయి. కానీ వాటి కింద నేను రాసిన మాటల్ని మా మేడం మూడు చోట్ల ఎర్ర పెన్నుతో కొట్టేసి, "అంకె సరైనదే, నువ్వు చెప్పిన అర్థమే తప్పు, ఎందుకో ఆలోచించుకుని రా" అన్నారు. రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను, ఏమీ తట్టట్లేదు. వైవా దగ్గర పడింది, చాలా టెన్షన్‌గా ఉంది.

ఆ మూడూ చెబుతాను. జపాన్‌లో ఏడాదికి ప్రతి వెయ్యి మందిలో 13 మంది దాకా చనిపోతున్నారు, ఖతార్‌లో ఒక్కరికి అటూ ఇటూ. అందుకని ఖతార్‌లో వైద్యం జపాన్ కంటే ఎన్నో రెట్లు మెరుగు అని రాశాను. ఇది మొదటిది. రెండోది, 1800 ప్రాంతంలో ప్రపంచ సగటు ఆయుర్దాయం 30 ఏళ్ల దగ్గర ఉండేదని చదివి, ఆ రోజుల్లో ముసలివాళ్లు దాదాపు ఉండేవారు కాదని, ముప్పై దాటాక బతకడమే అరుదని రాశాను. మూడోది, ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లలు 2.1 కంటే తగ్గితే జనాభా తగ్గిపోతుందని పుస్తకంలో ఉంది. భారతదేశంలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అది 2.0. కాబట్టి మన జనాభా తగ్గడం మొదలైంది అని రాశాను. దాని పక్కన మేడం "మరి ఇంకా పెరుగుతోంది కదా?" అని రాశారు. నిజమే, పెరుగుతోంది. అలాంటప్పుడు 2.1 అనే లెక్క తప్పా?

ఎవరైనా విడమరిచి చెప్పండి ప్లీజ్. సూత్రాలు నాకు వచ్చు, వాటి వెనక అర్థమే పట్టుబడట్లేదు.

లెక్కల మాస్టారు

అమ్మా పావనీ, మీ మేడం మంచి పని చేశారు. అంకె తప్పు రాస్తే దిద్దడం తేలిక. సరైన అంకెకి తప్పు అర్థం చెబితే అది ఎవరి కంటా పడకుండా పేపర్ల దాకా వెళ్లిపోతుంది. నేను మొదటి దాని గురించే చెబుతాను. తొందరపడకుండా చెప్పాల్సిన విషయం అది, మిగతా రెండూ వేరేవాళ్లు అందుకుంటారు.

నువ్వు తీసుకున్న దాన్ని స్థూల మరణాల రేటు అంటారు. ఏడాదిలో జరిగిన మొత్తం మరణాలు పైన, ఏడాది మధ్యలో ఉన్న మొత్తం జనాభా కింద, వెయ్యితో గుణించడం. "స్థూల" అన్న మాట ఊరికే పెట్టలేదు. ఆ హారంలో నెలల పాపాయి, ఇరవై ఏళ్ల కుర్రాడు, తొంభై ఏళ్ల ముసలాయన అందరూ ఒకే లెక్క. చావు మాత్రం అందరికీ ఒకే దూరంలో ఉండదు కదా. జపాన్‌లో ప్రతి వంద మందిలో 29 మంది దాకా 65 దాటినవాళ్లే. ఖతార్‌లో ఉండేవాళ్లలో ఎక్కువ మంది బయటి దేశాల నుంచి పనికి వెళ్లినవాళ్లు, అందులోనూ మగవాళ్లు, అందులోనూ మంచి వయసులో ఉన్నవాళ్లు. వాళ్లకి వయసు మీద పడితేనో, పెద్ద జబ్బు చేస్తేనో సొంత దేశానికి వెళ్లిపోతారు, చనిపోతే ఆ మరణం సొంత దేశం లెక్కలో పడుతుంది. ఖతార్‌లో ఆసుపత్రులు బాగాలేవని నేననట్లేదు. ఆ ఒక్కరు అన్న అంకెకి ముఖ్య కారణం ఆసుపత్రులు కాదు, జనం వయసు.

కాగితం తీసుకుని ఈ లెక్క చెయ్యి. రెండు ఊళ్లు, ఒక్కో ఊళ్లో 10,000 మంది. మొదటి ఊళ్లో 9,000 మంది చిన్నవాళ్లు, 1,000 మంది పెద్దవాళ్లు. చిన్నవాళ్లలో వెయ్యికి 3, పెద్దవాళ్లలో వెయ్యికి 50 చొప్పున చనిపోతారు. మొత్తం 27 కలుపు 50, అంటే 77 మరణాలు, వెయ్యికి 7.7. రెండో ఊళ్లో 6,000 మంది చిన్నవాళ్లు, 4,000 మంది పెద్దవాళ్లు. ఇక్కడ వైద్యం నిజంగానే మెరుగు, చిన్నవాళ్లలో వెయ్యికి 2, పెద్దవాళ్లలో వెయ్యికి 40 మాత్రమే. మొత్తం 12 కలుపు 160, అంటే 172 మరణాలు, వెయ్యికి 17.2. ఏ వయసు తీసుకున్నా రెండో ఊరే మెరుగు, స్థూల రేటు మాత్రం రెట్టింపు కంటే ఎక్కువ. నేను మొదటిసారి ఈ లెక్క చేసినప్పుడు ఎక్కడో తప్పు చేశానని మళ్లీ మొదటి నుంచి చేశాను.

దీనికి మందు ఉంది. రెండు ఊళ్లకీ ఒకే రకం జనాభా ఉన్నట్టు అనుకో, చిన్నవాళ్లు 8,000, పెద్దవాళ్లు 2,000. ఎవరి వయసువారీ రేట్లు వాళ్లకి పెట్టి మళ్లీ లెక్కకట్టు. మొదటి ఊరికి 24 కలుపు 100, వెయ్యికి 12.4. రెండో ఊరికి 16 కలుపు 80, వెయ్యికి 9.6. ఇప్పుడు నిజం బయటపడింది. దీన్ని వయసు ప్రకారం ప్రామాణీకరించిన రేటు అంటారు. దేశాలని పోల్చేటప్పుడు ఇది వాడు, లేదా నేరుగా ఆయుర్దాయం వాడు. స్థూల రేటు పనికిరాదని మాత్రం అనుకోకు. ఒక దేశంలో ఈ ఏడాది జనాభా ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అని తేల్చడానికి కావలసింది స్థూల రేట్లే. వైద్యం ఎలా ఉందని దాన్ని అడగడమే తప్పు.

ఏ రేటు కనిపించినా ముందు హారం వైపు చూడు. లవం గురించి అందరూ మాట్లాడతారు. 1662లో లండన్‌లో జాన్ గ్రాంట్ అనే వర్తకుడు వారం వారం వచ్చే మరణాల పట్టీలు ముందేసుకుని పుస్తకం రాశాడు, ఈ జనాభా శాస్త్రం మొదలైందే అక్కడ. అతని దగ్గర మరణాలు ఉన్నాయి, ఎంతమందిలో అన్నది లేదు. నగరంలో పదుల లక్షల మంది ఉన్నారని అప్పటి పెద్దమనుషులు నోటికొచ్చినట్టు చెప్పుకునేవారు. అతను పుట్టుకలు, కుటుంబాలు, ఇళ్లు పట్టుకుని లెక్కకట్టి 3,84,000 అని తేల్చాడు. హారం కోసం అంత కష్టపడ్డాడు, గుర్తుపెట్టుకో.

శైలజ_పీహెచ్

మాస్టారు చెప్పింది బంగారంలా ఉంది. నేను పబ్లిక్ హెల్త్‌లో పని చేస్తాను, రెండోది నేను చెబుతాను పావనీ.

పది మంది పిల్లలు పుట్టారనుకోండి. నలుగురు ఏడాది అటూ ఇటూగా పోయారు, మిగిలిన ఆరుగురు 60 ఏళ్లు బతికారు. సగటు కడితే 36 ఏళ్ల చిల్లర వస్తుంది. కానీ 36 ఏళ్లకి చనిపోయినవాళ్లు ఆ పది మందిలో ఒక్కరూ లేరు! 1800 నాటి 30 ఏళ్ల ఆయుర్దాయం కూడా చాలా వరకు అలాంటిదే. పసిపిల్లల చావులు ఆ సగటుని కిందికి లాగేశాయి. పెద్దవాళ్లకి అంటురోగాల బెడద, ఆడవాళ్లకి కాన్పు గండం ఇప్పటికంటే చాలా ఎక్కువ, అది నిజం. కానీ చిన్నతనం గడిచి గట్టెక్కినవాళ్లలో ఎంతోమంది యాభై, అరవై చూశారు. ఆ కాలంలోనూ తాతలు, అమ్మమ్మలు ఉన్నారు. అందుకే ఆయుర్దాయం అన్నప్పుడు పుట్టినప్పుడా, ఐదేళ్లప్పుడా, అరవై ఏళ్లప్పుడా అని అడగాలి. మరణాలు ఎక్కువ ఉన్న సమాజంలో ఏడాది నిండిన బిడ్డకి మిగిలిన ఆయుష్షు, అప్పుడే పుట్టిన బిడ్డ ఆయుష్షు కంటే ఎక్కువ వస్తుంది. వింతగా ఉంటుంది కానీ కారణం తెలిస్తే గుండె బరువెక్కుతుంది.

ఇంకో సంగతి, దీన్ని మా ఆఫీసులో పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా పొరపాటు పడతారు. ఆయుర్దాయం జోస్యం కాదు. ఈ ఏడాది ఏ వయసులో ఎంతమంది చనిపోయారో ఆ రేట్లన్నీ తీసుకుని, ఒక ఊహాజనిత తరం పుట్టిన దగ్గర నుంచి ఆఖరు దాకా అవే రేట్ల మధ్య బతికితే సగటున ఎన్నేళ్లు ఉంటుంది అని కట్టే లెక్క అది. అమెరికాలో 2019లో 78.8 ఉన్నది కోవిడ్ వల్ల 2021లో 76.4కి పడిపోయింది, 2023కి మళ్లీ 78.4కి వచ్చింది. 2021లో పుట్టిన పాపాయి రెండేళ్లు తక్కువ బతుకుతుందని దాని అర్థం కాదు కదా. ఆ ఏడాది చావు ఎంత విరుచుకుపడిందో అది చెబుతుంది, అంతవరకే.

ఇలాంటి మరణ పట్టికని 1693లో ఎడ్మండ్ హేలీ వేశాడు, తోకచుక్క పేరు మీద మనకి తెలిసిన ఆయనే. బ్రెస్లావ్ అనే పట్టణం, ఇప్పుడది పోలండ్‌లో ఉంది, అక్కడి జనన మరణాల చిట్టాలు తెప్పించుకుని, ఏ వయసువాళ్లకి జీవితాంతం ఏటా డబ్బు ఇవ్వాలంటే ముందుగా వాళ్ల దగ్గర ఎంత వసూలు చేయాలో లెక్క చెప్పాడు. ఇన్సూరెన్స్, పెన్షన్ లెక్కలకి మూలం అదే.

మీ పట్టికలో శిశు మరణాల రేటు, మాతృ మరణాల నిష్పత్తి పక్కపక్కన పెట్టి ఉంటే ఒకసారి సరిచూసుకోండి. మొదటిది ప్రతి 1,000 సజీవ జననాలకి, రెండోది ప్రతి 1,00,000 సజీవ జననాలకి. ఒకటి 30, ఇంకొకటి 100 అని చూసి శిశువుల కంటే తల్లులే ఎక్కువ పోతున్నారని రాసినవాళ్లని నేను చూశాను. ఆ 100ని వెయ్యిలోకి మారిస్తే ఒకటి. ఆ ఒకటి కూడా ఎక్కువే, అది వేరే మాట.

పావని_బీఏ

మాస్టారూ, ఆ రెండు ఊళ్ల లెక్క చేశాను, అచ్చం మీరు చెప్పినట్టే వచ్చింది. శైలజ గారూ, 36 ఉదాహరణ వైవాలో చెబుతాను, మీకేం అభ్యంతరం లేదు కదా. మూడో దాని మీదే ఇంకా అయోమయంగా ఉంది. 2.0 అంటే ఇద్దరు వెళ్లిపోతే ఇద్దరు వస్తున్నట్టే కదా, మరి పెరుగుదల ఎక్కడి నుంచి వస్తోంది?

రఘు_ఎకో

ఇద్దరు వెళ్లిపోతే ఇద్దరు అన్నావు చూడు, తిరకాసు అక్కడే ఉంది. పిల్లలు పుట్టే ఏడాదే తల్లిదండ్రులు వెళ్లిపోరు. ఇంకో నలభై యాభై ఏళ్లు ఉంటారు.

మూడు తరాలున్న చిన్న సమాజం అనుకో. తాతల తరం 20 మంది, తల్లిదండ్రుల తరం 40, పిల్లలు 60. మొత్తం 120. ఇప్పటి నుంచి ప్రతి జంటా ఇద్దరినే కంటోంది. తరం గడిచింది, 20 మంది తాతలు పోయారు, 60 మంది పిల్లలు పెద్దవాళ్లై 60 మందిని కన్నారు. ఇప్పుడు 40, 60, 60, మొత్తం 160. ఇంకో తరం గడిస్తే 60, 60, 60, మొత్తం 180. అక్కడ ఆగుతుంది. ఇద్దరే అన్న నియమం మొదటి రోజు నుంచి అమల్లో ఉన్నా జనం ఒకటిన్నర రెట్లు అయ్యారు. వెనకటి తరాలు ఎక్కువమందిని కన్నాయి కాబట్టి ఇప్పుడు తల్లులయ్యే వయసులో ఉన్నవాళ్లే ఎక్కువ, పోయే వయసులో ఉన్నవాళ్లు తక్కువ. దీన్ని జనాభా ఊపు అంటే సరిపోతుంది, బ్రేకు వేశాక కూడా బండి కొంత దూరం వెళ్లినట్టు. 2.1 లెక్క తప్పు కాదు, దాని ఫలితం కనబడటానికి దశాబ్దాలు పడుతుంది. రేపు జనాభా తగ్గడం మొదలైన దేశాల్లోనూ ఇదే ఊపు అటువైపు పని చేస్తుంది, పిల్లల్ని ఎక్కువ కనడం మొదలుపెట్టినా తగ్గుదల వెంటనే ఆగదు. దక్షిణ కొరియాలో 2023లో ఒక్కో స్త్రీకి పుట్టే పిల్లల సగటు 0.72. దాని బరువు రాబోయే తరాల మీద పడబోతోంది.

అసలు 2 కాకుండా 2.1 ఎందుకంటే, సహజంగా ఆడపిల్లలు 100 మంది పుడితే మగపిల్లలు 105 మంది దాకా పుడతారు, పైగా పుట్టిన ఆడపిల్లలందరూ తల్లులయ్యే వయసు దాకా ఉండరు. పిల్లల మరణాలు ఎక్కువ ఉన్న దేశాల్లో 2.1 కూడా సరిపోదు, ఇంకా ఎక్కువ కావాలి. పుస్తకాల్లో ఈ 2.1ని శిలాశాసనంలా రాసేస్తారు, అది నాకు నచ్చదు.

ఒక్కో స్త్రీకి పుట్టే పిల్లల ఈ సగటుని మొత్తం సంతానోత్పత్తి రేటు అంటారు, అది కూడా శైలజ గారు చెప్పిన ఆయుర్దాయం లాంటిదే, ఒక ఏడాది ఫొటో. జపాన్‌లో 1965లో 2.14 ఉన్నది 1966లో ఒక్కసారిగా 1.58కి పడిపోయి, 1967లో 2.23 అయింది. 1966లో పుట్టిన ఆడపిల్లలకి మంచిది కాదన్న నమ్మకంతో చాలామంది కాన్పు ముందుకో వెనక్కో జరుపుకున్నారు. ఆ తల్లులకి జీవితంలో పుట్టిన పిల్లల మొత్తం సంఖ్య అంతగా మారలేదు, కన్న ఏడాది మారింది. ఆ ఒక్క ఏడాది చూసి ఎవరైనా జపాన్ భవిష్యత్తు రాసి ఉంటే ఎంత తప్పేవాళ్లో ఊహించుకో.

రేటు, సంఖ్య ఈ రెండూ కలిపేయడం ఇంకో జబ్బు. 1960ల చివర్లో ప్రపంచ జనాభా 350 కోట్ల దగ్గర, పెరుగుదల ఏడాదికి 2 శాతం పైన. ఇప్పుడు 800 కోట్లు దాటాం, పెరుగుదల 1 శాతం లోపు, 0.9 అనుకో. గుణించి చూడు. అప్పుడూ ఏడాదికి 7 కోట్ల చిల్లర, ఇప్పుడూ 7 కోట్ల చిల్లర! రేటు సగానికి పైగా పడిపోయింది, కొత్తగా చేరే మనుషులు మాత్రం దాదాపు అంతే. "పెరుగుదల తగ్గింది" అన్నవాడూ నిజమే చెబుతున్నాడు, "ప్రతి ఏడాదీ అంతే మంది చేరుతున్నారు" అన్నవాడూ నిజమే చెబుతున్నాడు. ఇద్దరూ టీవీలో గంటసేపు కొట్టుకుంటారు.

అప్పటికప్పుడు పనికొచ్చే చిట్కా ఒకటి. 70ని శాతంతో భాగిస్తే జనాభా రెట్టింపవడానికి ఎన్నేళ్లు పడుతుందో సుమారుగా వస్తుంది. 1960లో 300 కోట్లు, 1999లో 600 కోట్లు, అంటే 39 ఏళ్లు. 70ని 39తో భాగిస్తే 1.8, ఆ కాలపు సగటు పెరుగుదల అంతే ఉంది.

ఎన్యూమరేటర్_2011

ఇంతసేపూ అంకెల అర్థం గురించి మాట్లాడారు. ఆ అంకె అసలు ఎలా పుడుతుందో నేను కొంచెం చెబుతాను. 2011 జనగణనలో ఎన్యూమరేటర్‌గా ఇల్లిల్లూ తిరిగాను.

"మీ వయసెంత?" అంటే "ఒక నలభై వేసుకోండి" అనేవారు. ఆయన 37 అయినా 43 అయినా మా ఫారంలో 40. అందుకే వయసులవారీ పట్టిక చూస్తే 30, 35, 40, 45 దగ్గర గుట్టలు, 31, 39, 41 దగ్గర గుంటలు కనబడతాయి. వయసు లెక్క పెట్టుకునే అలవాటు, పుట్టిన తేదీ కాగితం లేని చోట ఏ దేశంలోనైనా ఇదే కథ. దీన్ని పట్టుకోవడానికి విప్పుల్ సూచీ అని ఉంది, 23 నుంచి 62 ఏళ్ల వాళ్లలో సున్నా, ఐదుతో ముగిసే వయసులు చెప్పినవాళ్లు ఎంత ఎక్కువున్నారో చూస్తుంది. 100 వస్తే మనుషులు వయసు సరిగ్గా చెప్పారని, 500 వస్తే అందరూ గుండుగుత్తగా చెప్పారని. కొందరు పెద్దవాళ్లతో కూర్చుని, ఫలానా వరద వచ్చినప్పుడు నీకు పెళ్లయిందా, పెద్దబ్బాయి పుట్టాడా అని అడిగి అడిగి ఏడాది రాబట్టేవాణ్ని. ఒక్కో ఇంట్లో అరగంట పట్టేది, నాకు అది విసుగనిపించలేదు.

అందరికంటే ఎక్కువ జారిపోయేది పసిపిల్లలు. "ఇంట్లో ఎంతమంది?" అంటే ఐదుగురి పేర్లు చెబుతారు, ఊయల్లో ఉన్నవాణ్ని చెప్పరు. పేరు ఇంకా పెట్టలేదు కదా, వాణ్ని కూడా రాస్తారా అని అడిగిన తల్లులున్నారు. చిన్నపిల్లలు లెక్కలోంచి తప్పిపోవడం బాగా అభివృద్ధి చెందిన దేశాల్లో కూడా ఉంది. ఇళ్లు లేనివాళ్లని ఫిబ్రవరి 28 రాత్రి ఒక్క రాత్రే లెక్కించాం, ఎందుకంటే వాళ్లు రేపు ఎక్కడ పడుకుంటారో తెలియదు. మార్చి 1 మొదలయ్యే క్షణం ఆ జనగణనకి గీత. ఆ గీతకి ముందు పోయినవాళ్లు, తర్వాత పుట్టినవాళ్లు లెక్కలో ఉండరు.

జనగణన అయ్యాక శాంపిల్‌గా కొన్ని చోట్ల మళ్లీ వెళ్లి ఎంతమందిని వదిలేశామో చూస్తారు. 2011లో వెయ్యికి 23 మంది దాకా తప్పిపోయారని తేలింది. 121 కోట్లకి అది రెండున్నర కోట్ల పైమాట. అందుకే ఒక్క మనిషి వరకు అచ్చేసిన అంకె చూసి అంత కచ్చితం అనుకోకండి. మనమే కాదు, అమెరికాలో 2020 జనగణన తర్వాత చూసుకుంటే 8 రాష్ట్రాల్లో ఎక్కువ, 6 రాష్ట్రాల్లో తక్కువ లెక్కించినట్టు బయటపడింది. తప్పు ఎంతో వాళ్లే కొలిచి చెప్పడం నాకు గౌరవంగా అనిపిస్తుంది. లెబనాన్‌లోనైతే 1932 తర్వాత జనగణనే జరగలేదు. ఏ మతం వాళ్లు ఎంతమందో తేలితే అధికారం వాటాలు కదిలిపోతాయని భయం.

పావనీ, లింగ నిష్పత్తి రాశావా? మన దగ్గర 1,000 మంది పురుషులకి ఎంతమంది స్త్రీలు అని చెబుతాం, 2011లో 943. ఐక్యరాజ్యసమితి పట్టికల్లో 100 మంది స్త్రీలకి ఎంతమంది పురుషులు అని ఉంటుంది. అదే సంగతి అక్కడ 106 అవుతుంది. రెండు చోట్ల నుంచి అంకెలు తెచ్చి ఒకే పట్టికలో పెడితే బోల్తా పడతావు.

కిరణ్_కె

అంతా బాగుంది కానీ నాకో సందేహం. ఇంత లెక్క దేనికి? మన ఇంట్లో ఎంతమంది, ఏ మతం, ఏ భాష అన్నీ ఒక చోట రాసి పెట్టుకుంటే రేపు దాన్ని ఎవరు ఎలా వాడతారో ఏం గ్యారంటీ? నేనైతే అన్నీ చెప్పను.

శైలజ_పీహెచ్

కిరణ్ గారూ, మీ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను, దానికి చరిత్ర ఉంది. నెదర్లాండ్స్‌లో ప్రతి పౌరుడి వివరాలు, మతంతో సహా, చాలా పద్ధతిగా రిజిస్టర్లలో ఉండేవి. 1940లో నాజీలు ఆక్రమించుకున్నాక యూదుల్ని వెతికి పట్టుకోవడానికి ఆ రిజిస్టర్లే పనికొచ్చాయి, ఆ దేశపు యూదుల్లో నాలుగింట మూడొంతుల మంది చనిపోయారు. 1943 మార్చి 27న ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రతిఘటన దళం వాళ్లు ఆ కార్డులున్న ఆఫీసునే పేల్చేశారు, కొందరినైనా కాపాడదామని. అమెరికాలో కూడా 1942లో జపాన్ మూలాలున్న పౌరుల్ని నిర్బంధించినప్పుడు జనగణన విభాగం వాళ్లు ఎక్కడెక్కడ ఎక్కువున్నారో పట్టికలు ఇచ్చింది.

కానీ ఇక్కడ రెండు వేర్వేరు వస్తువులున్నాయి. ఫలానా మనిషి ఫలానా ఇంట్లో ఉన్నాడన్నది రికార్డు. ఈ ప్రాంతంలో ఏడాది లోపు పిల్లలు ఇంతమంది ఉన్నారన్నది గణాంకం. గణాంకానికి మీ పేరు అక్కర్లేదు. మన జనగణన చట్టం 1948లో వచ్చింది, అందులో 15వ సెక్షన్ ప్రకారం మీరిచ్చిన వివరాలు ఎవరికీ చూపించకూడదు, కోర్టులో సాక్ష్యంగా కూడా చెల్లవు. ఆ గోడ గట్టిగా ఉండాలని అడగండి, దాని కోసం పోరాడండి, నేను మీతో ఉంటాను. లెక్కే వద్దంటే మాత్రం ఒప్పుకోను.

ఎందుకంటే నేను రోజూ చూసేది చెబుతాను. టీకాలు వేశాక ఎంత శాతం పిల్లలకి అందాయి అని కట్టాలి. వేసిన టీకాలు మాకు తెలుసు. పిల్లలు ఎంతమందో పాత జనాభా లెక్క నుంచి అంచనా వేసుకోవాలి. ఒక ప్రాంతంలో 108 శాతం వచ్చింది ఒకసారి. ఉన్న పిల్లల కంటే ఎక్కువమందికి ఎలా వేస్తాం? పనికోసం బయటి నుంచి కుటుంబాలు వచ్చి చేరాయి, హారంలో వాళ్లు లేరు. పైవాళ్లు ఆ 108 చూసి అక్కడ సమస్యే లేదనుకున్నారు. నిజానికి ఒక్క టీకా కూడా పడని పిల్లలు ఎక్కువగా ఉన్నది అక్కడే. మీరు చెప్పకపోతే ప్రభుత్వానికి ఒక వివరం తగ్గుతుంది, ఆ పిల్లలు లెక్కలో లేకపోతే వాళ్లకి టీకానే ఉండదు.

కిరణ్_కె

108 శాతం సంగతి నిజంగా తెలియదు. మతం, భాష కాలమ్‌ల మీద నా అభిప్రాయం మారలేదు, కానీ ఇంట్లో ఎంతమంది, వయసులు ఎంత అన్నది దాచను.

పావని_బీఏ

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. రాత్రి కూర్చుని మూడూ తిరగరాశాను. ఒకసారి చూసి చెప్పండి.

మొదటిది: "జపాన్ స్థూల మరణాల రేటు ఎక్కువగా ఉండటానికి ముఖ్య కారణం అక్కడ వృద్ధుల వాటా ఎక్కువ కావడం. ఖతార్‌లో పనిచేసే వయసులో ఉన్న వలసవాసులు ఎక్కువ. వైద్యాన్ని పోల్చాలంటే వయసు ప్రకారం ప్రామాణీకరించిన రేటు చూడాలి." రెండోది: "1800 ప్రాంతంలో ఆయుర్దాయం 30 ఏళ్ల దగ్గర ఉండటానికి పెద్ద కారణం పసిపిల్లల మరణాలు. బాల్యం దాటినవారిలో చాలామంది అంతకంటే ఎక్కువ కాలం బతికారు." మూడోది: "సంతానోత్పత్తి రేటు 2.0కి చేరినా, పిల్లల్ని కనే వయసులో ఉన్నవారు ఎక్కువ కాబట్టి జనాభా ఇంకొన్ని దశాబ్దాలు పెరిగి, ఆ తర్వాతే తగ్గుతుంది."

శిశు మరణాలు, మాతృ మరణాలు నిజంగానే పక్కపక్కన పెట్టాను శైలజ గారూ! రెండు కాలమ్‌ల పైనా హారం ఏమిటో రాసేశాను.

లెక్కల మాస్టారు

బాగా రాశావమ్మా. మూడో దాంట్లో ఒక్క మార్పు. "ఆ తర్వాతే తగ్గుతుంది" అని నువ్వు తేల్చి చెప్పకూడదు, రేటు 2.1 లోపే నిలబడి, వలసలు పెద్దగా మారకపోతేనే అలా జరుగుతుంది. "సంతానోత్పత్తి ఇదే స్థాయిలో కొనసాగితే" అని ముందు చేర్చు. వైవాలో ఆ షరతు గురించే అడుగుతారు, రఘు చెప్పిన 120, 160, 180 లెక్క బోర్డు మీద వేసి చూపించు.